పానా ఎవరి చేతిల

ఫారంల మొదటి గడి వయసు.
యాభై తొమ్మిది అని రాసి
పెన్ను పక్కకు పెట్టిన.
"డెబ్బై దాకా రావచ్చు ఓదెలన్నా, రాయి"
అన్నది స్వరూప మేడం.
రెండో గడి చదువు.
ఏడు. ఫెయిలని గూడ రాయాల్నా?
మూడో గడి, ఏం పని వస్తది.
ఆ గడి నాకు సాలలే.

ముప్పై ఒక్కేండ్లు.
రేగొండ, చిట్యాల, మొగుళ్లపల్లి
మూడు మండలాల బోరింగులు నా చేతుల మీదికెల్లే పోయినయి.
చెవి ఆనిస్తే చాలు,
చైను ఏడుస్తున్నదో, బేరింగు పండ్లు కొరుకుతున్నదో,
నూటిరవై ఫీట్ల కింద తోలు వాషరు
నానిన అప్పడం లెక్క అయిందో, చెప్త.
ఇప్పుడు ఇంటింటికి నల్లా వచ్చింది.
మంచిదే. నేనూ ఆ నీళ్లే తాగుతున్న.
బోరింగుకు బర్రెను కట్టేస్తున్న.

ఉగాండల ఒక జిల్లా ఉన్నదట.
అక్కడ గూడ మన బోరింగే,
గదే తల, గదే పొడుగు చెయ్యి.
ఊరికి రెండు, రెండిట్ల ఒకటి పండుకున్నది.
మూడు నెలల పని. టికెట్టు వాళ్లది, తిండి వాళ్లది,
జీతం లేదు.
"జీతం లేని పని ఇక్కడ దొరకదా,
దానికి విమానమెందుకు?"
మా కనకలక్ష్మి అడగాల్సిందే అడిగింది.

హన్మకొండల రెండు దినాల ట్రైనింగ్.
ఎండాకాలం, ఒక్కటే ఫ్యాను.
నా పక్కకు ఎంజీఎంల రిటైరయిన ఎస్తేరు సిస్టరు,
షుగరు గోలీల డబ్బా ముందలేసుకొని
"నన్ను తీస్కోరు" అని గొణుగుతున్నది.
తీస్కున్నరు. డాక్టరు చీటి ఉండాలె,
గోలీలు సగం పెట్టెల, సగం చేతిసంచిల.
వడ్రంగి యూసుఫ్ మియాకు ఒక చెవి వినరాదు.
"రెండోది మంచిగున్నది గదా" అన్నది మేడం.
తీస్కోనిది ఒక్క పిలగాన్ని.
ఇంజనీరింగు చదివిండు, ఇంగ్లీషు వడగండ్ల లెక్క రాలుతది.
ఎందుకు పోతవంటే
"పాపం, వాళ్లకేం తెల్వదు గదా మేడం" అన్నడు.
ఇంకో యేడు ఆగి రా అన్నది.
వాడు చెప్పులేసుకుంటుంటే
నాకు కలుక్కుమన్నది.
నేనూ లోపల గదే అనుకొని వచ్చిన.

ఎల్లో ఫీవరు సూది పదిరోజుల ముందుగాల, హైదరాబాదుల.
పసుప్పచ్చ కార్డు పాసుపోర్టులనే పెట్టాలె.
ఎంక్వైరీకి వచ్చిన పోలీసాయన చాయ తాగి
"కేసులేం లేవు గానీ ఓదెలూ,
మా స్టేషనెనుక బోరింగు జర చూస్తవా" అన్నడు.
పానాలు చేతిసంచిల పెడితే గుంజుకుంటరట.
పెట్టెకు ఇరవై మూడు కిలోలు.
సామాన్లే పందొమ్మిది తూగినయి.
తొక్కు డబ్బా తీసి పక్కకు పెట్టిన.
మళ్ల పెట్టి, ఒక ప్యాంటు తీసిన.
నీళ్లను వాళ్లు అమాజ్జి అంటరు.
పొద్దున పండ్లు తోముకుంట అంటున్న,
అమాజ్జి, అమాజ్జి.

ఆఖరి గంటల మేడం నన్నే లేపింది.
"నువ్వు వాపసొచ్చినంక నాలుగో నెల
బోరింగు చెడిపోతే ఎట్ల?"
నా దగ్గర జవాబు లేదు.
"ఎన్ని బాగుచేసినవో మేం రాసుకోం.
ఎందరికి నేర్పినవో రాసుకుంటం."

అందుకే దినాం మాపటీలి
బర్రెను విప్పి అవతల కట్టి
మా గల్లీ శ్రీవాణికి పానా ఇస్తున్న.
టెన్త్ పరీక్షలైనయి ఆ పిల్లకు.
నేను చేతులు ఎనకకు పెట్టుకొని నిలవడుత.
ఆమె ఉల్టా తిప్పుతది.
నా వేళ్లు ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకుంటయి.
సూది నొప్పి రెండు దినాలే ఉన్నది.
ఇది తగ్గుత లేదు.
ఒక్కసారి మాత్రం, పైపు జారవట్టినప్పుడు,
"క్లాంపు!" అని ఒర్రిన.

నిన్న రాడ్లు దింపి, తల బిగించి
కొట్టుడు మొదలువెట్టింది.
ఇరవై సార్లు. ఏం లేదు.
ఇరవై ఆరు. గాలి.
చూసెటోళ్లు "ఓదెలూ, నువ్వు పట్టు" అంటున్నరు.
ఇరవై తొమ్మిదికి బుసకొట్టి
తుప్పు రంగు నీళ్లు.

శ్రీవాణి నా దిక్కు తిరిగింది.
నా చేతులు ఇంకా ఎనకనే ఉన్నయి.
బర్రె తాడు గుంజుకొని వచ్చి
ముందుగాల తాగింది.